గుడ్డు వరుస, అరటి వరుస

బోథ్ ఊరి బడి నుంచి కరీంనగర్ జిల్లాలోని ఈ నేతపనివాళ్ల ఊరికి బదిలీ అయి వచ్చిన ఏడాది, జూన్‌లో బడి తెరిచాక వచ్చిన మొదటి బుధవారం నుంచి బడి మధ్యాహ్న భోజనం లెక్క నాకు అప్పగించారు. వారానికి మూడు రోజులు పెట్టే ఉడికించిన గుడ్లు ప్రతిసారీ నాలుగైదు తక్కువ పడేవి. గుడ్డు తినని పిల్లలకిచ్చే అరటిపండ్లూ అంతే. కొందరు రెండూ తీసుకుంటున్నారని గ్రహించి రెండు వరుసలు పెట్టాను. వరుస మారాలంటే తల్లిదండ్రుల సంతకంతో కాగితం తేవాలన్నాను. ఆ తర్వాత ఒక్కనాడూ లెక్క తప్పలేదు. చక్కని పని చేశానని దినచర్యలో రాసుకున్నాను.

ఆగస్టులో ఎనిమిదో తరగతికి రోమన్ సామ్రాజ్యం గురించి చెప్పాను. గోధుమ రొట్టె, ఆలివ్ నూనె తినే నగరవాసులు, పాలూ మాంసమూ తిని బతికే ఉత్తరపు జాతులను మోటువాళ్లుగా చూసేవారన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"మరి తాకత్ ఎవరికుండె టీచర్?"

"నీకైతే లేదు తియ్యి, గాలొస్తే ఎగిరిపోతవ్!" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబరులో పిల్లల బరువులు తూచినప్పుడు ఆ అమ్మాయి ముప్పై ఒక్క కిలోలుంది. జూన్‌లో ముప్పై రెండున్నర. పట్టిక తిరగేస్తే, జూలై రెండో వారం నుంచి ఆమె అరటి వరుసలో ఉంది. గుడ్డులో మాంసకృత్తులు ఆరు గ్రాములు, అరటిపండులో ఒక్కటి. వారానికి మూడు గుడ్లు. అంటే వారానికి పదిహేను గ్రాముల నష్టం. తండ్రి సంతకంతో తెచ్చిన కాగితం నా ఫైలులో భద్రంగా ఉంది.

తల్లిని పిలిపించి ఆ కాగితం చూపించాను. సాంచెలనే మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని ఆమెది. చీర అంచుకు నూలు పోగులు అంటుకొని ఉన్నాయి.

"గీ సంతకం మా ఇంటాయనదా? ఆయన ఏలిముద్ర ఏస్తడు టీచరమ్మా," అంది. "ఇంట్ల పప్పే వారానికొక్కపారి. బడిల గుడ్డు తింటదని నాకు ఫికర్ లేకుండె. అన్ని గంత పక్కాగ రాసేటోళ్లు, జర పిల్ల మొకమన్న సూడద్దా?"

ప్రవేశ దరఖాస్తు తీసి చూశాను. అందులో ఉన్నది వేలిముద్రే. జూన్‌లో ఆ అమ్మాయి మా బడిలో కొత్తగా చేరినప్పుడు ఆ దరఖాస్తు నింపింది నేనే.

అమ్మాయి తల్లి పక్కన తల వంచుకొని నిలబడింది. నాన్న సంతకం నువ్వెందుకు పెట్టావని అడిగాను.

"గుడ్లోళ్లు అని పిలుస్తరు టీచర్. వాసనొస్తదని దగ్గర కూసోనియ్యరు. అరటోళ్లేమో వరండల కూసుంటరు. మీరు గూడ ఆడనే కూసుంటరు గద," అంది.

నిజమే. మా ఇంట్లో గుడ్డు వండరు. నా డబ్బా తీసుకొని నీడ ఉందని వరండాలో కూర్చునేదాన్ని. అరటి వరుస పిల్లలు నా చుట్టూ చేరేవారు, మిగతావాళ్లు బోరింగు పక్కన మట్టిలో కూర్చునేవారు. నేను ఎవరినీ అక్కడికి పొమ్మనలేదు. ఆ వాక్యం దినచర్యలో రాసి, కొట్టేశాను.

మరుసటి బుధవారం వరుసలు తీసేశాను. డబ్బాతో వెళ్లి బోరింగు దగ్గర కూర్చున్నాను. ఆ అమ్మాయి గుడ్డు తీసుకొని నా పక్కకు వచ్చింది. వరండా వైపు వీపు పెట్టి, మొత్తం తిన్నది. తర్వాత పళ్లెం పట్టుకొని వరండాలో ఉన్న తన స్నేహితుల దగ్గరికి వెళ్లింది. ఒక్కరూ జరిగి చోటివ్వలేదు. గంట కొట్టేదాకా నల్లా కింద, కడిగిన పళ్లెమే మళ్లీ మళ్లీ కడుగుతూ నిలబడింది.