తట్టు గుర్రం మీద పెళ్ళి మెరవణి

నా పెళ్ళి వీడియోలో ముప్పావు గంట గొర్రెలే ఎందుకున్నాయని అడగని మనిషి లేడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఈరోజు అందరూ ఒక్కచోట దొరికారు కాబట్టి టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తా. మధ్యలో నవ్వకండి. నవ్వాల్సిన వాళ్ళంతా ఆ రోజే ఆ చేలో నవ్వేశారు.

నా సంగతి మీకు తెలిసిందే. నందికొట్కూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతా. ముప్పై నాలుగేళ్ళు. నాకు రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఎక్కడికీ టైముకు పోను. రెండు, ఎవరైనా నోరు తెరిస్తే వాళ్ళకు తెలిసిన విషయమే వాళ్ళకు నేను చెబుతా. రెండోది జబ్బని పెళ్ళిరోజుదాకా తెలీదు. లెక్చరరన్నాక అంతేలే అనుకునేవాణ్ణి.

పెళ్ళికూతురు సువార్త ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళిచూపులకు నేను రెండు గంటలు లేటుగా పోయా. దారిలో ఒక శాసనం రాయి కనబడింది. దాని మీద బట్టలుతుకుతున్న ఆమెను పక్కకు జరగమని ఒప్పించేసరికి అంత టైమయింది. మావాళ్ళు నిశ్చితార్థాన్ని ప్రధానమంటారు. దానికి గంటన్నర లేటు. ఎందుకో చెప్పను, ఇంకో రాయి అనుకోండి.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"రత్నం సారూ, రెండుసార్లు అయ్యింది. పెండ్లి పది గంటలకు. చర్చి అయ్యగారికి పన్నెండుకు వేరే ఊర్లో ఇంగో పెండ్లి ఉండాది, ఆయన ఆగడు. నేనూ ఆగను. పదికి మీరు చర్చి ముందర లేకపోతే చీర మార్చుకోని డ్యూటీకి పోతా."

"నవ్వుతూ చెబుతున్నావా?"

"నవ్వు ఇనపడిందా మీకు?"

వినపడలేదు.

బుద్ధున్నవాడైతే కారెక్కి పోతాడు. సువార్త వాళ్ళ బావ పూలు కట్టిన కారు పంపిస్తానన్నాడు కూడా. వద్దు, గుర్రం మీద వస్తానన్నా. సరే, కర్నూలు నుంచి తెల్ల గుర్రం తెప్పిస్తామన్నారు. దానికి కాళ్ళకు గజ్జెలు, తల మీద ఈకలు. అది షోకు గుర్రం, మన నేలది కాదు, నాకొద్దన్నా.

ఎందుకంటే మన దక్కనుకు సొంత గుర్రముంది. చూడండి, మళ్ళీ మొదలుపెట్టాడని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. రెండు నిమిషాలు ఓర్చుకోండి. తట్టు గుర్రం. ఎప్పుడో అరబ్బు గుర్రాలు పడమటి రేవుల్లో ఓడలు దిగి, భీమా నది ఒడ్డుకు చేరి, అక్కడి పొట్టి గుర్రాలతో కలిసిపోతే పుట్టిన జాతి. ఎత్తు నా రొమ్ముదాకా. గిట్టలు రాయి, నాడాలు కొట్టకపోయినా గుట్టలెక్కుతుంది. గడ్డి వేస్తే తింటుంది, వేయకపోతే తుమ్మాకు వెతుక్కుంటుంది. మన ఎండకు పెద్ద గుర్రం నురగ కక్కుతుంటే ఇది చెవి కూడా కదపదు. ఒకప్పుడు దీన్నెక్కి రౌతులు రాజ్యాలు గెలిచారు. రాజ్యాలు పోయాక ఇది గొర్రెల కాపర్ల దగ్గరికి చేరింది. ఇప్పుడు వాళ్ళ వంటసామాను, మంద చుట్టూ కట్టే వలలు, నడవలేని గొర్రెపిల్లల్ని మోస్తుంది.

రౌతులెక్కిన గుర్రమెక్కి పెళ్ళికి పోవాలని నా కోరిక. అదేమన్నా తప్పా?

కోసిగి వైపు నుంచి ఈరన్న ఏటా వరి కోతలయ్యాక మూడు వందల గొర్రెలతో మా వైపు వస్తాడు. రైతులు పిలిచి తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. గొర్రెలు ఒక రాత్రి పడుకుంటే చాలు, ఆ మడికి వేరే ఎరువు అక్కర్లేదు. ఈరన్నకు భోజనం పెట్టి వడ్లు కొలుస్తారు. మిగతా కాపర్లు సామానుకు గాడిదల్ని, ఈమధ్య ఆటోల్ని తెచ్చుకుంటుంటే ఈరన్నకు మాత్రం ఒక తట్టు ఉంది. కర్ణాటక వైపు సంతలో కొన్నాడంట. పేరు మల్లి. బూడిదరంగు, పొట్టి కాళ్ళు, ఎవరి మీదా ఏ ఆశా లేని మొహం.

"మల్లిని ఒక్క పూట ఇయ్యి ఈరన్నా, పెళ్ళికి," అన్నా.

"తీస్కపో సారూ. దుడ్లేం వద్దు. అయితే ఒగటి, మల్లి ముందర నడిస్తే..."

"ముందర నడిస్తే అదే రాజసం ఈరన్నా! దళాలకు ముందు నడిచిన జాతిది!" అని పది నిమిషాలు చెప్పా.

విన్నాడు పాపం. "అట్లనా సారూ. శానా తెలుసు నీకు. ఇంగోటి, కోసిన మడి కనపడితే అది..."

"గడ్డి తింటుందంటావు, అంతే కదా? తిననీ. గట్టి జాతి. అసలు దీని కడుపెట్లా పనిచేస్తుందంటే..." ఇంకో పది నిమిషాలు.

ఈరన్న తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "బరువు దించేదాకా..." అని మూడోసారి మొదలుపెట్టాడు.

"బరువు సంగతి నాకొదిలెయ్. నేను అరవై ఐదు కిలోలే. నువ్వు రావద్దు కూడా, పగ్గం నేనే పట్టుకుంటా. రౌతును ఇంకొకరు నడిపిస్తే ఏం బాగుంటుంది?"

"సరే సారూ," అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ గుర్రంతో బతుకుతున్న మనిషికి గుర్రం గురించి అరగంట చెప్పి, తృప్తిగా ఇంటికొచ్చా.

పెళ్ళిరోజు పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరాం. చర్చి సువార్త వాళ్ళ ఊళ్ళో, నాలుగు కిలోమీటర్లు. గంటలో పోతాం, ఇంకో అరగంట మిగులుతుంది. నా జీవితంలో మొదటిసారి ముందుగా చేరబోతున్నా. నల్ల సూటు, మెడలో దండ. మల్లి మెడలో కూడా దండ, దాంతోపాటు ఎప్పుడూ ఉండే గంట. ఎక్కి కూర్చుంటే నా బూట్లు నేలకు మూరెడు ఎత్తులో ఉన్నాయి.

అమ్మ చాలాసేపు చూసింది. "అది నిన్ను మోస్తాండాదా, నువ్వు దాన్ని మోస్తాండావా?"

మల్లి పక్కన గొర్రెపిల్లల్ని మోసే గోనెసంచి ఒకటి వేలాడుతుంటుంది. పుస్తెలు, ఉంగరాలు, బైబిలు అందులోనే పెట్టించా. పాతకాలపు రౌతులు అట్లాగే తీసుకుపోయేవాళ్ళన్నా. అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పించా. ఒప్పించడంలో నన్ను మించినవాడు లేడు.

ఎండకు నడవలేమని చుట్టాలంతా వ్యాన్లో ముందే పోయారు. మెరవణంటే ముందు బ్యాండువాళ్ళు ఆరుగురు, వెనక మల్లి మీద నేను, నా వెనక వీడియో తీసే ఫోటోగ్రాఫర్. అంతే.

ఊరు దాటగానే రోడ్డు పక్క చేలో ఈరన్న మంద ఉంది. రాజసంగా చెయ్యూపా. ఈరన్నా చెయ్యూపాడు. తర్వాత రెండు చేతులూ ఊపాడు. ఆ తర్వాత తలపాగా విప్పి ఊపాడు. ఎంత అభిమానమో అనుకున్నా.

కాసేపటికి వెనక దుమ్ము లేచింది. బ్యాండు మోతలో చప్పుడేదీ సరిగా తెలియలేదు. ఊరి జనం తరలి వస్తున్నారు కాబోలనుకున్నా. మెడ తిప్పి చూడాలంటే సూటు కాలరు బిగుతు. ఫోటోగ్రాఫర్ మాత్రం నన్ను వదిలేసి వెనక్కే తీస్తున్నాడు.

"సార్," అన్నాడు చివరికి, "వీళ్ళంతా మీ సైడేనా?"

తిరిగి చూశా. మూడు వందలు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా. వాటి వెనక ఒక బస్సు. డ్రైవర్ తల బయటపెట్టి, "ఏమప్పా పెండ్లికొడుకా, విందును నడిపించుకుంటా పోతాండావా?" అని అరిచాడు.

ఈరన్న మొదటి మాట అప్పుడర్థమైంది. మల్లి గంట ఎటు మోగితే మంద అటు వస్తుంది. వల ఒక లెక్కా వాటికి! అయినా నేను కంగారు పడలేదు. టైము తొమ్మిదీ ఐదే. బైబిల్లో గొర్రెలకు, కాపరికి కొరతేముంది, అయ్యగారు ఏమీ అనుకోరులే అని ధైర్యం చెప్పుకున్నా.

సగం దారిలో కుడివైపు కోసిన వరి మడి వచ్చింది. మల్లి రోడ్డు దిగింది. పగ్గం ఎడమకు లాగా. కుడికి పోయింది. రెండు చేతులతో లాగా. మడి మధ్యదాకా పోయి నిలబడింది. ఇక కదలదు. మడమలతో పొడిచా. బతిమాలా. దాని పూర్వీకుల చరిత్ర చెప్పా. చెవి కూడా కదపలేదు. ఆ గుణాన్ని నేనే కదా అంతసేపు మెచ్చుకున్నది! మూడు వందల గొర్రెలూ మడిలో పరుచుకున్నాయి. బ్యాండువాళ్ళు వాయించుకుంటూ ముందుకే పోయారు. వాళ్ళు వెనక్కి చూడరు.

మడి యజమాని ఓబులేసు పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నా. నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"పది దినాల నుంచి ఈరన్నను అడుగుతాండా మంద కట్టమని! పెండ్లికొడుకువయ్యుండి నువ్వే తోలకొస్తివే, నీ కడుపు సల్లగుండ! దిగప్పా, దిగు. మా ఇంటామె అన్నం వండుతాంది."

ఇంతలో ఈరన్న గొంగడి భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు.

"బరువు దించేదాకా అది కదలదు సారూ. అదే చెప్పబోతి."

"దించితే కదులుతుందా?"

"దించితే ఇంగ ఈ పొద్దుకు పని అయిపాయ అనుకుంటాది. మళ్ళ రేపు పొద్దన్నే."

తొమ్మిదిన్నర. ఇంకా రెండు కిలోమీటర్లు. పరిగెత్తినా చేరొచ్చు. దిగా. నేను సూటు దులుపుకుంటుండగా నా వెనక మల్లి హాయిగా పడుకుని, నాలుగు కాళ్ళూ పైకెత్తి, దండతో సహా ఇటూ అటూ దొర్లింది. లేచి ఒళ్ళు విదిలించింది. అప్పుడు చూశా. పక్కన సంచి లేదు.

అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. అప్పుడు మాత్రం వంగి మడంతా వెతకడం మొదలుపెట్టా. పుస్తెలు లేకుండా పోయి ఏం చెయ్యాలి? సువార్త మాటంటే మాటే. పదికి చీర మార్చుకుంటానంటే పదికి మార్చుకుంటుంది. అసలా పిల్ల నాకు నచ్చిందే అందుకు. నాలాంటి వాడికి అటువంటి మనిషి మళ్ళీ దొరకదని, వరికొయ్యల మధ్య మోకాళ్ళ మీద పాకుతూ నిజంగా భయపడ్డా.

గొర్రెలేమో ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టి గుంపులు కట్టాయి. ఒక్కో గుంపు కిందా చెయ్యి పెట్టి తడుముతున్నా. ఏం దొరికాయో అడగొద్దు.

"సారూ..." అన్నాడు ఈరన్న.

"ఆగు ఈరన్నా, వెతకనీ!"

"అది కాదు సారూ, సంచి..."

"సంచే కదయ్యా వెతుకుతున్నా! ఇన్ని గొర్రెలు తొక్కితే ఒక వస్తువు మట్టిలోకి ఎంత లోతు దిగుతుందో తెలుసా నీకు? అది తేమను బట్టి ఉంటుంది..." పాకుతూనే చెప్పా.

అక్కడ చర్చి దగ్గర ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. బ్యాండు మోగుతూ వచ్చింది. ఆడపెళ్ళివారంతా దండలతో బయటికొచ్చారు. బ్యాండు వెనక ఖాళీ రోడ్డు. "పెండ్లికొడుకు యాడ?" అని సువార్తే అడిగిందంట. డప్పాయన వెనక్కి తిరిగి చూసి, అప్పుడు ఆశ్చర్యపోయి, "ఎనకాలే ఉండె కదమ్మా! శానా జనంతో వస్తాండె," అన్నాడంట.

తొమ్మిదీ నలభై ఐదుకు మడి గట్టు మీద స్కూటీ ఆగింది. తెల్లచీర, ముసుగు మడిచి నడుములో దోపుకుంది, తల మీద హెల్మెట్. మడిని, మందను, బరువు లేని మల్లిని, మోకాళ్ళ మీదున్న నన్ను వరసగా చూసింది. నన్ను ఏమీ అడగలేదు. ఈరన్న వైపు తిరిగింది.

"పెద్దాయనా, బరువు యాడ దించినావు?"

"ఇదో తల్లీ," అని ఈరన్న గొంగడి తొలగించాడు. సంచి వీపు మీదుంది. "మంద నిలిస్తే మొదట బరువు దించుకునేది మా అలవాటు. సారు దిగతానే తీసి ఈపుకేసుకుంటి. చెప్పదామంటే సారు చెప్పనియ్యల్యా."

ఓబులేసు గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపుతో కాదు.

సువార్త సంచి తీసుకుని, పుస్తెలున్నాయో లేదో చూసి, స్కూటీ తిప్పింది. "ఎక్కు," అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి. ఎక్కా. ఫోటోగ్రాఫర్ చేలోనే ఉండిపోయాడు. మల్లి నిలబడే ఉంది కదా, పెళ్ళికొడుకు మళ్ళీ వచ్చి ఎక్కుతాడనుకున్నాడంట. తీస్తూనే ఉన్నాడు.

"సువార్తా, అసలీ తట్టు గుర్రాల స్వభావం ఏమిటంటే..." అన్నా దారిలో. హారన్ మీద బొటనవేలు పెట్టింది. నేను ఆపేదాకా తియ్యలేదు.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి చర్చిలో ఉన్నాం. సూటుకు వరిగడ్డి, మోకాళ్ళకు మట్టి. నేను పోయి నిలబడగానే ముందు వరసలో ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు ముక్కుల దగ్గర పెట్టుకున్నారు. అయ్యగారికి లోపలికి పోతూనే సువార్త మొత్తం చెప్పేసింది. ఈమెను భార్యగా అంగీకరిస్తావా అని అడిగారు. అంగీకరిస్తున్నానన్నా. సుఖంలో, దుఃఖంలో, వ్యాధిలో, ఆరోగ్యంలో అని వరసగా అడిగారు. అన్నింటికీ సరేనన్నా. తర్వాత ఆయన పుస్తకం మూసి, కళ్ళద్దాలు పైకి జరిపి ఇంకొకటి అడిగారు.

"ఎవరైనా చెప్పేటప్పుడు, చివరిదాకా వింటావా నాయనా?"

ఆ ప్రశ్న ప్రార్థన పుస్తకంలో లేదు. నాకు బాగా తెలుసు. పాపం అయ్యగారికి ఆ సంగతి వివరంగా చెబుదామని నోరు తెరిచా.

సువార్త నా కాలు తొక్కింది.

"వింటా," అన్నా.