ముందుగాల వెలుతురు

జహీరాబాద్ దవాఖాన ల్యాబులో నాకు పని నేర్పిన అక్క, మైక్రోస్కోపు కింద వెలుతురు వచ్చే రంధ్రాన్ని మీటతో సరిచేయనిదే ఏ ఫలితమూ చెప్పేది కాదు. "ముందుగాల వెలుతురు, ఎన్క మాట" అనేది.

ఒకసారి మూత్రం పరీక్షకు కుదించిన రంధ్రంతోనే ఝరాసంగం ఊరి నుంచి వచ్చిన పాప రక్తం చూసి, "అక్కా, మలేరియా!" అని అరిచాను. గుమ్మంలో తల్లి కూలబడింది. అక్క వచ్చి రంధ్రం తెరిచింది. నేను చూసిన చుక్కలు మాయమయ్యాయి. "ఫికర్ చెయ్యకు చెల్లె, గవి దుమ్ము చుక్కలే" అంది తల్లితో.

పోయినేడు ఒక పొద్దున అక్క తన రక్తపు స్లైడే తెచ్చి, "జర నువ్వు చూడు" అంది. మీటను ఎన్నిసార్లు జరిపినా, రక్త క్యాన్సర్‌లో కనిపించే పెద్ద తెల్లకణాలు గుంపులుగా అలాగే ఉన్నాయి.

"వెలుతురు సరిగున్నదా?" అని అడిగింది.

సరిగ్గానే ఉందని తల ఊపాను.