నిండు బండి కొలత

దేవప్రసాద్‌కి పాడటం రాదు. హిందీ మీడియంలో చదివాడు కాబట్టి, తెలుగు పాటల పుస్తకం తెరిచి అక్షరాలు కూడబలుక్కునేలోపు చరణం అయిపోతుంది. ప్రార్థన చెయ్యమంటే నాలుగు మాటలకే ఆమెన్ అనేస్తాడు. మరి సంఘంలో అతనికి అంత మర్యాద ఎందుకంటారా, బండి వల్ల. ప్రతి ఆదివారం పొద్దున్నే, సముద్రం నడిమి దీవిలోని ఆస్టినాబాద్ పేటలో తన పికప్ ట్రక్కు బయటికి తీసి, పక్కనున్న డైరీ ఫార్మ్ పేట మీదుగా తిరిగి, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలనీ, మోకాళ్లు నిక్షేపంగా ఉన్నవాళ్లనీ ఎక్కించుకుని కొండ మీది చర్చికి చేరుస్తాడు.

చేరుస్తాడు అన్నానా? సగం దూరం చేరుస్తాడు. వేలంలో కొన్న పాత బండి అది. కొండ మలుపులో ఆయాసపడుతోందని, పాడైన పెద్ద లారీలోంచి ఇంజను ఊడదీసి తెచ్చి ఇందులో కూర్చోబెట్టాడు. బానెట్ మూత పడకపోతే తాడేసి కట్టాడు. బండికి బలమైతే వచ్చింది, వచ్చిన బలం ఊరుకుంటుందా? ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించే ఇనప గొట్టం, అదే షాఫ్టు, సరిగ్గా ఆ మలుపులోనే మెలి తిరిగిపోయేది. అందరూ దిగి తోసేవారు. ఆరాధనలో మొదటి పాట అక్కడే మొదలయ్యేది.

కొత్త సంవత్సరం ఆరాధన రోజు ముసలమ్మల తెల్లచీరల నిండా గ్రీజు పడింది. సంఘపెద్ద రాబర్ట్ అందరిలోకీ భారీ మనిషి. చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

"దేవప్రసాద్, బురా మత్ మానో, ఏటీ అనుకోకు. ఈస్టరుకి కూడా తోయించేవంటే ఇంక బస్సు మాటాడేస్తాం."

ఆ పూట దేవప్రసాద్ అన్నం ముట్టలేదు. భార్య దయావతి కంచం ముందుకు జరిపితే వెనక్కి నెట్టాడు.

"బస్సొచ్చేస్తే చర్చిలో నానేటి సెయ్యాలే? పాడలేను, సదవలేను. గుమ్మంలో చెప్పులు కాపలా కాయాలా?"

అతని బాధ నిజమైనదే. బండి లేని దేవప్రసాద్ ఎలా ఉంటాడో అతనికే తెలియదు.

"అయితే గట్టి షాఫ్టు తెప్పించండి. ఏడుస్తూ కూకుంటే గొట్టం గట్టిపడతాదేటి?" అంది దయావతి.

విశాఖపట్నంలో పందెం కార్లకు షాఫ్టులు చేసే పోలిరాజుకు ఫోన్ చేస్తే, మూడు రకాలున్నాయన్నాడు: అల్యూమినియం, కార్బన్ ఫైబరు, మందపాటి ఉక్కు. ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక దేవప్రసాద్ ఆరాధన తర్వాత నలుగురినీ అడిగాడు. అడగడమే పాపం. పెళ్లికూతురిని ఎంచినట్టు షాఫ్టును ఎంచడం మొదలెట్టారు.

"అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు పెడితేనే చిల్లుపడిపోతాది. మన ఉప్పుగాలికి అదేటి ఆగుద్ది?" అని ముసలమ్మల్లో ఒకరైన కాసులమ్మ దాన్ని తీసిపారేసింది.

"కార్బన్ ఫైబర్ అంటే నా గేలం కర్రేగా. పెద్ద చేప పడితే విరిగిపోనాది," అన్నాడు రాబర్ట్.

"ఉక్కే తెప్పించండి. పాడయ్యేముందు తుప్పయినా కనపడతాది," అంది దయావతి. ఉక్కు ఖాయమైంది.

పోలిరాజు ఒక్క సంగతి మాత్రం నొక్కి చెప్పాడు. "పొడుగు మీరే కొలవాలండి. బండిని జాకీలమీద ఎత్తి కొలవకండి. మామూలుగా మోసే బరువుతో, నేలమీద నిలబెట్టి కొలవండి."

మామూలుగా మోసే బరువంటే ఏమిటి? వారమంతా దేవప్రసాద్ బండి కింద ఉంటాడు తప్ప బండిలో ఉండడు. ఆ బండి మోసేది సంఘాన్నే. కాబట్టి మరుసటి ఆదివారం సంఘమంతటినీ చర్చి ఆవరణలో బండి ఎక్కించాడు. వెనక భాగం దాదాపు నేలకు ఆనింది. ఆలస్యం దేనికని పాస్టరు గారు మెట్ల మీద నిలబడి వాక్యం మొదలెట్టేశారు. కింద దేవప్రసాద్ టేపు పట్టుకుని పాకుతున్నాడు. పైన ఆమెన్ అన్నప్పుడల్లా బండి ఊగి టేపు జారిపోయేది.

"ఆమెన్ మెల్లగా అనండి," అని కిందనుంచి వినపడింది.

షాఫ్టు ఓడలో వచ్చింది. నిండు బండికి కొలిచింది కదా అని, ఈస్టరు ఉదయం అందరినీ తన ఇంటి దగ్గరే ఎక్కించి, కింద దూరి బిగించాడు. మలుపు రాగానే అలవాటు కొద్దీ అందరూ చీరలూ ప్యాంట్లూ ఎగ్గట్టారు. బండి ఆగలేదు. గర్జించుకుంటూ కొండెక్కి చర్చి గుమ్మం ముందు నిలబడింది. దేవప్రసాద్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాబర్ట్ దిగి అతని వీపు తట్టాడు.

చివరి మనిషి దిగాడో లేదో, ఖణేలుమని షాఫ్టు కింద పడింది.

విషయం ఇదీ: బరువుకు బండి కుంగినప్పుడు షాఫ్టు సరిపోతుంది. బరువు దిగితే బండి పైకి లేస్తుంది, చివర అందక షాఫ్టు జారిపోతుంది. ఆరాధన అయ్యాక మళ్లీ అందరినీ ఎక్కించి, కింద దూరి బిగించాడు. చలో అంటే బయల్దేరింది. కాసులమ్మ ఇంటి ముందు ఆమె ఒక కాలు కింద పెట్టగానే అడుగున టకటకమంది.

"ఎవలూ కదలకండి," అని అరిచి కాసులమ్మ ఆ కాలు వెనక్కి తీసుకుని, ఇంట్లోని కొడుకును కేకేసి, రుబ్బురోలు మోయించి తన చోట పెట్టించాకే దిగింది. ఇక ఇంటింటికీ అదే తంతు. ఒకచోట మనిషికి బదులు కొబ్బరికాయల బస్తా ఎక్కింది, ఇంకోచోట గ్యాసు బండలు ఎక్కాయి. రాబర్ట్ ఇంట్లో ఎంత వెతికినా ఆయనకు సరితూగే వస్తువు దొరకలేదు. బీరువా తెద్దామంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. దాంతో ఆయన ఆస్టినాబాద్ దాకా వచ్చి, దయావతి వండిన కోడికూర తిని, ఆటోలో ఇంటికి పోయాడు.

తర్వాతి వారం పాస్టరు గారు బస్సు సంగతి ఎత్తారు.

"బస్సు పెట్టేస్తే మనమందరం అందులో ఎక్కిపోతాం. మరి ఆ బండి ఎలా కదుల్తాది పాస్టరు గారూ?" అని రాబర్ట్ చిరాగ్గా అడిగాడు. బస్సు మాట అంతటితో పోయింది.

డైరీ ఫార్మ్‌లో లేతు మిషను నడిపే వీరేంద్ర ఒకరోజు బండి కిందికి వంగి చూసి నవ్వాడు. "అరే భయ్యా, కొంచెం గొట్టం అతికితే చాలు. ఖాళీగా కూడా నడుస్తాది. ఇప్పుడే చేసెయ్యనా?"

దేవప్రసాద్ వెనక్కి తిరిగి చూశాడు. అక్కడిదాకా రావడానికి తోడొచ్చిన సంఘమంతా బండిలో ఒత్తుకుని కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, అతను లేకుండానే ఏదో పాట అందుకున్నారు.

"వద్దు భయ్యా, రహనే దో," అన్నాడు.