కొండలకు బయల్దేరి ఆసుపత్రిలో దిగాం

నాగపూర్ దాటాక ఒక పొద్దున టీ కోసం కారు దిగి నడుస్తుంటే నా ఎడమ పిక్క పట్టేసింది. తిమ్మిరి కాదు. లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు ఒక నొప్పి. ముందు రోజంతా సీట్లో ముడుచుకుని కూర్చున్నాను, కాలు పట్టేయక ఏం చేస్తుంది అనుకుని టీ తాగి మళ్లీ కారెక్కాను.

మాది సత్యవేడు. ఆడవాళ్ల బట్టలు కుట్టే సెంటరు నడుపుతాను. నలభై దాటినా అప్పటిదాకా జ్వరం తప్ప మరో జబ్బు ఎరగను. ఆ వేసవిలో ముగ్గురం స్నేహితురాళ్లం కారులో బద్రీనాథ్ బయల్దేరాం. కారు మేరీది. ఆమెకు తిరుపతిలో బ్యూటీ పార్లర్ ఉంది, లారీలే పక్కకు తప్పుకునేలా తోలుతుంది. ఏర్పేడులో టీచరుగా చేసే కస్తూరికి హిందీ వచ్చు. అంటే, వచ్చని ఆమె అనుకుంటుంది. ఈ మైదానాలన్నీ దాటి ఒక్కసారి మంచు కొండ ఎదురుగా నిలబడాలని నా చిరకాల కోరిక. మేరీ చర్చికి వెళ్లే మనిషి. “మీరు దేవుణ్ణి సూడండి మే, నేను కొండల్ని సూస్తా” అని నవ్వేది.

మా వైపు ఆడవాళ్ల ప్రయాణాలకు రెండు అలవాట్లున్నాయి. గుడికి వెళ్లే రోజుల్లో నెలసరి వచ్చేలా ఉంటే దాన్ని వాయిదా వేసే మాత్రలు వేసుకోవడం ఒకటి. తిరుమల కొండ కింద పుట్టి పెరిగిన వాళ్లకు ఇది పసుపు కుంకుమ కొన్నంత మామూలు. నేను బయల్దేరే ముందు నుంచే మింగుతున్నాను. రెండోది, దారిలో నీళ్లు తాగకపోవడం. సీసా ఎత్తితే చాలు, కస్తూరి లాక్కునేది.

“తాగబాకు మే! మళ్లీ యాడ ఆపేది? ఆ బంకులో బాత్రూం సూసినావు కదా!”

చూశాను. అందుకే ఎండ మండిపోతున్నా గొంతు తడుపుకుని మూత బిగించేదాన్ని.

ఝాన్సీలో లాడ్జికి చేరేసరికి ఎడమ కాలు కుడి కాలికంటే లావైంది. చెప్పు పట్టలేదు. కస్తూరి నొప్పుల నూనె తీసి, పిక్కను చపాతీ పిండిలా పిసికింది. “బెణికుంటాది. మన దగ్గరైతే పుత్తూరు పోయి కట్టు కట్టించేద్దుము” అంది. మా ప్రాంతంలో కాలికి ఏమైనా ముందు గుర్తొచ్చేది ఎముకలకు వేసే ఆ కట్టే. నాకూ నిజమే అనిపించింది. పిసికినంతసేపూ హాయిగానే ఉంది.

మర్నాడు దారికి రెండు వైపులా కోత కోసేసిన గోధుమ చేలు. కొండ అన్నదే లేదు. ఇంకొక్క రోజు తోలితే కనబడతాయని మేరీ అంటూ ఉండగానే నాకు ఊపిరి అందలేదు. పీలుస్తున్నాను, కానీ లోపలికి పోవడం లేదు. ఛాతీలో కుడివైపు కత్తితో పొడిచినట్టయింది. మేరీ అద్దంలో నా ముఖం చూసి బండి పక్కకు తీసింది.

“నాకేం కాలేదు, పోనీ మే” అన్నాను.

“కొండలు యాడికీ పోవు, నోరు మూసుకుని కూసో” అని, ముందొచ్చిన పెద్ద ఊళ్లోని ఆసుపత్రికి తోలింది.

క్యాజువాల్టీలో వేలికి క్లిప్పు పెట్టి శాచురేషన్ చూశారు. డాక్టరు కుర్రవాడు. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. కస్తూరి హిందీలో లేదంది. నేనూ లేదని తలూపాను. అబద్ధమని కాదు, అది మందు కింద నా లెక్కలోనే లేదు.

“ఏం లేదంటావేం మే?” అని మేరీ గట్టిగా అరిచింది. “గుడి మాత్రలు మింగతా ఉండావు కదా! చెప్పు ఆయనకి!”

చెప్పేది ఎక్కడ, నాకు మాట పెగలడం లేదు. ఆమే నా బ్యాగులో వెతికి స్ట్రిప్పు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, నా కాలు చూశాడు. వెంటనే కాలికి డాప్లర్ స్కాను, ఛాతీకి సీటీ యాంజియో తీయాలన్నాడు.

డీవీటీ. పల్మనరీ ఎంబోలిజం. ఆ రెండు మాటలు అక్కడే మొదటిసారి విన్నాను. కాలి సిరలో రక్తం గడ్డ కట్టి, అందులో ఒక ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందట. “హార్మోన్ టాబ్లెట్లు, గంటల తరబడి కూర్చోవడం, నీళ్లు తాగకపోవడం. మూడూ కలిశాయి. కాలు ఎవరైనా మసాజ్ చేశారా? పిసికితే గడ్డ ఊడే ప్రమాదం ఉంది” అన్నాడు. కస్తూరి గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

ఐసీయూలో, గడ్డ పెరగకుండా హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాకు భయమేసింది. చచ్చిపోతానని, ఈ చదును నేల మీదే, ఒక్క మంచు కొండైనా చూడకుండా చచ్చిపోతానని భయమేసింది. ఒక నర్సు నా గౌను సర్దుతూ “పయప్పడాదీంగ అక్కా” అంది. తమిళం! భయపడొద్దంటోంది. తమిళనాడు అంచునే ఉండే సత్యవేడు వాళ్లకు తమిళం సొంత భాషే. ఆ మాటతో సగం ఊపిరి వచ్చింది. మా ఆయన ఊరి నుంచి వచ్చి మంచం పక్కన నిలబడి, “నువ్వు బతికితే సాలు, ఆ బద్రీనాథుడే మనింటికొస్తాడు” అన్నాడు.

ఇంటికి వచ్చాక బ్లడ్ థిన్నర్ మాత్రలు, కాలికి బిగుతు మేజోడు. మా ఎండల్లో ఆ మేజోడు ఒక శిక్ష. అంతలో ఇంకో దెబ్బ. రక్తం పల్చబడే మందు కదా, నెలసరి వచ్చి ఆగలేదు. హిమోగ్లోబిన్ పడిపోయింది, కుట్టు మిషను ముందు కళ్లు తిరిగాయి. మాత్రలు మానేద్దామనుకున్నాను. తిరుపతిలో నన్ను చూసే డాక్టరమ్మ కసిరింది. “మీ అంతట మీరు మొదలుపెట్టిన మాత్రతో ఒకసారి అయింది. మీ అంతట మీరు ఆపి ఇంకోసారి తెచ్చుకుంటారా?” మందు మార్చి, ఐరన్ ఎక్కించి, మెల్లగా దారికి తెచ్చింది. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షలన్నీ చేసి మందు ఆపింది. మళ్లీ ప్రయాణం చేయొచ్చా అని అడిగితే, “వెళ్లండి. మధ్యమధ్యలో దిగి నడవండి. నీళ్లు బాగా తాగండి. ఆ మాత్రలు మాత్రం జన్మలో ముట్టొద్దు” అంది.

మొన్న వేసవిలో వెళ్లాం, ముగ్గురమే. కనబడిన ప్రతి బంకులోనూ ఆపించాను. బాత్రూం బాగాలేకపోతే అక్కడి వాళ్లను నాలుగు దులిపి మరీ వచ్చాను. బద్రీనాథ్ చేరిన రోజే నెలసరి వచ్చింది.

“ఇంత దూరం వచ్చి, ఇట్లా అయిపోయిందే!” అని కస్తూరి దిగులుపడింది.

“నువ్వు పోయి రా మే. నా పేరు కూడా చెప్పు” అన్నాను.

మేరీ, నేనూ నది ఇవతల మెట్ల మీద కూర్చున్నాం. మంచు కొండ ఎండకు మెరుస్తోంది. చూస్తూ ఊపిరి పీల్చాను. అడుగుదాకా వెళ్లింది. నాకు ఆ రోజు అంతకు మించిన దర్శనం అక్కర్లేకపోయింది.

మీకు చెప్పేది ఒక్కటే. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే, ఇది మందు కాదులే అని మీరనుకునేదే ముందు చెప్పండి. నా తరఫున చెప్పడానికి మేరీ ఉంది. అందరి పక్కనా మేరీ ఉండదు.