మా నాయన దాచిపెట్టిన కన్ను

మా నాయనకు చూపు తగ్గుతోందని ఇంట్లో ఎవరికీ తెలియకపోవడానికి కారణం, మా ఇంట్లో వెలుతురు లేకపోవడమే. రాత్రిపూట అన్నం తినేంతసేపే బల్బు వెలుగుతుంది. చేయి కడగ్గానే నాయన ఆర్పేస్తాడు. ఆ తర్వాత కబుర్లన్నీ చీకట్లోనే.

“మాట్లాడేదానికి లైటు ఏంటికి? చెవులతో కదా వినేది,” అంటాడు.

కాబట్టి ఈ కాలం బల్బుల్లో పస లేదని ఆయన అన్నప్పుడు నిజమేననుకున్నాం. పొద్దు తొందరగా గూకుతోందన్నాడు. చలికాలం కదా అనుకున్నాం. ఎండాకాలంలోనూ అదే మాట అన్నాడు. అప్పుడూ పట్టించుకోలేదు. ఆయన మాటల్లో సగం వినకుండా ఉండటం మేము చేసే పొదుపు.

మాది కోడుమూరు. నాయన నేత పని చేస్తాడు. నేను కర్నూల్లో మందుల షాపులో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వస్తుంటాను. మగ్గం దగ్గర మిగిలిన దారం జానెడు ఉన్నా నాయన పారేయడు. ఆయన చొక్కా గుండీలు, కళ్లజోడు కాలు, నా చార్జర్ వైరు, చీపురు, అన్నీ చీర దారంతోనే నిలబడి ఉన్నాయి.

“ఈ ఇంట్లో మీ నాయన దారం కట్టకుండా నిలబడింది నేనొక్కదాన్నే,” అంటుంది అమ్మ.

ఒక ఆదివారం షావుకారు వచ్చాడు. మాకు నూలు ఇచ్చి, నేసిన చీరలు తీసుకుపోయే మనిషి. చీర మడత విప్పి వాకిట్లో ఎండకు పట్టి చూశాడు.

“ఏమప్పా, అంచు కాడ మూడు పోగులు తప్పినాయి. పోయినసారి గూడా ఇట్లే. శానా వయసైంది నీకు, ఇంక చాలించుకో. పడుగు వేరేవాళ్లకిస్తాలే.”

పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాల కట్ట. అది రాకపోతే మగ్గం ఉన్నా బట్టలారేసుకోవడానికే. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పదేళ్ల వయసు నుంచి ఆయన కాళ్లు ఆ గుంతలోనే ఉన్నాయి. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే షావుకారికి కూడా ఇబ్బందిగా అనిపించినట్టుంది.

“మగ్గం మీద ఇంకొక చీరకు పడుగు మిగిలుండాది కదా. అది తప్పు లేకుండా నెయ్యి. అప్పుడు చూస్తాం,” అని వెళ్లిపోయాడు.

మరుసటి రోజే నాయనను కర్నూలు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయని డాక్టరమ్మ చెప్పింది. ముందు కుడి కంటికి, కొన్ని వారాలాగి ఎడమ కంటికి ఆపరేషన్ చేస్తామంది. డబ్బేమీ కట్టనక్కర్లేదని కూడా చెప్పింది.

“ఒకటి సాలు తల్లీ,” అన్నాడు నాయన.

“రెండూ చెయ్యాలి పెద్దాయనా. ఊరికే చేస్తాం కదా.”

“ఊరికే చేస్తే మాత్రం? రెండూ ఒకేసారి వాడి అరగదీసేది ఏంటికి? ఒకటి ఉండనీ. ఇది చెడిపోతే అప్పుడు తీస్తాం.”

ఆమె నా వైపు చూసింది. నేను గోడమీది కంటి బొమ్మను చూశాను.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. చాలినంత విశ్రాంతి తీసుకుని, మళ్లీ మగ్గం ఎక్కాడు. పని కుదరలేదు. పోగు తెగినప్పుడు రెండు కొసలూ పట్టుకుని, వేళ్లకు బూడిద రాసుకుని మెలిపెట్టి అతకాలి. నాయన వేళ్లు కొసకు అంగుళం ఇవతల గాలిని మెలిపెట్టేవి. ఒక కన్ను తేటగా, ఒక కన్ను మసకగా ఉంటే దూరం అందదు. ఆదివారం నేను వచ్చేసరికి ఆయన మీసాలకు కూడా బూడిదే.

“నాయనా, రెండోది చేయించుకో.”

“ఏమీ వద్దు. మీయమ్మ పక్కన కూచుని పోగులు అతికిస్తాది. మా ఇద్దరికీ కలిపి మూడు కండ్లు బాగుండాయి. ఒక చీరకు మూడు సాలవా?”

“అన్నం ఎవరు వండుతారు, నీ నాలుగో కన్నా?” అంది అమ్మ వంటింట్లోంచి.

నేను బతిమాలాను. అమ్మ తిట్టింది. షావుకారు మాట గుర్తుచేశాను. దానికి మాత్రం ఆయన ముఖం తిప్పుకున్నాడు. భయం ఉంది. కానీ దాచిపెట్టినదాన్ని తీసి వాడటమనేది మా నాయన చేత కాని పని. పెళ్లిలో పెట్టిన పంచె ఇంకా మడతలోనే ఉంది.

ఇక లాభం లేదని నేను బస్సుకు బయల్దేరుతుండగా, ఆయన కంట్లో వేసుకునే చుక్కల మందు సీసా తెచ్చి ఎత్తి చూపించాడు.

“పాపా, వేసుకునే రోజులు అయిపోయినాయి. సీసాలో సగం ఉండాది. ఇది ఎన్నాళ్లు నిలువ ఉంటాది?”

“మూత తీసిన నెలకల్లా పారెయ్యాలి నాయనా.”

“పారెయ్యాలనా?”

షావుకారు పడుగు ఇవ్వనన్నప్పుడు కూడా ఆయన అంత బెదిరిపోలేదు. నెల నిండటానికి ఎన్ని రోజులున్నాయని అడిగాడు. వారం, అన్నాను. సీసాను వెలుతురుకు పట్టి, మిగిలిన మందును వేలితో కొలిచాడు.

“ఐతే ఆ డాక్టరమ్మకు చెప్పు, ఈ వారంలోనే ఎడమ కన్ను చేసేయమని. మందు చెడిపోకూడదు.”

ప్రతి ఆపరేషన్‌కూ కొత్త సీసానే ఇస్తారని, పాతది రెండో కంటికి వాడనివ్వరని మందుల షాపులో పనిచేసే నాకు బాగా తెలుసు. నోరు మూసుకున్నాను. ఆసుపత్రిలో ఆ సంగతి బయటపడేసరికి ఆపరేషన్ అయిపోయింది. నల్లద్దాల వెనక నుంచి నా వైపు ఎంతసేపు చూశాడో తెలియదు గానీ, బస్సులో కోడుమూరు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ చీర నేయడానికి మామూలుకంటే రెట్టింపు రోజులు పట్టింది. షావుకారు వచ్చి వాకిట్లోనే నిలబడి చీరను ఎండకు పట్టాడు. అంచు వెంబడి వేళ్లతో తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. అమ్మ గడపకు ఆనుకుని నిలబడింది. నాయన గుంతలోంచి లేవలేదు.

“బాగుండాది,” అన్నాడు షావుకారు, కాస్త తగ్గిన గొంతుతో. “సరే, పడుగు యాడన్నా చూసి వచ్చేవారం పంపిస్తాలే.”

తెరిచిన తలుపులోంచి నాయన, వీధి మొదట్లో వేపచెట్టు కింద ఉన్న షావుకారు మోపెడ్ వైపు తలెత్తి చూశాడు.

“వచ్చేవారం ఏంటికప్పా? ఎనక సీటుకు పడుగు కట్టుకోనే వచ్చినావు కదా. ఈడికి కనపడతాండాది.”