జీడి పెట్టిన మడమ

నంగునూరులో ఎవరి కాలికి ఆనె లేచినా కనకవ్వ గడప తొక్కాల్సిందే. జీడిగింజను దీపానికి కాల్చి, ఉడుకుడుకు రసంతో చురక పెట్టేది. ఊరందరికీ చేసే మనిషి సొంత మగడికి చేయకుండా ఉంటుందా? తాటిచెట్లెక్కి కల్లు గీసే పర్శరాములు మడమ కింద నల్లటి పొక్కు లేస్తే ఆనె అనుకుని జీడి పెట్టింది. జీడి మచ్చా నలుపే, ఆ పొక్కూ నలుపే. ఏడాది పొడుగునా మందేదో రోగమేదో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత గజ్జలో బిళ్ళ కట్టింది. కాలికి పుండైతే గజ్జలో బిళ్ళ కట్టడం వింతేమీ కాదు.

"పుండు మానితే గదే కరుగుతది," అంది కనకవ్వ.

పుండు మానలేదు. బిళ్ళ నిమ్మకాయంత అయ్యాక, బండి కట్టుకుని రెండు రోజుల దారిలో ఉన్న మిషన్ దవాఖానకు పోయారు. యుద్ధం రోజులు, అక్కడా మందులు అంతంతమాత్రమే.

"ఈ నలుపు ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

కనకవ్వ జీడి మరకల వేళ్ళను కొంగులో దాచుకుంది.

"ఎవలు జూసిన్రమ్మా? చెట్లెక్కెటోని కాళ్ళు," అన్నాడు పర్శరాములు. పెళ్ళాం మీద మాట పడనివ్వలేదు. తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

"ఇది పాడు గడ్డ. మడమ నుంచి గజ్జల దాకా పాకింది. రెండు చోట్లా కోసి తీస్తాను. ఇంకా పైకి పోయి ఉంటే మాత్రం నా చేతిలో లేదు."

"కోస్తే మల్ల చెట్టెక్కుతడా అమ్మా?"

"ముందు బతకనీ," అంది డాక్టరమ్మ.

కోశారు. గజ్జలో గాయం నెలన్నర దాకా రసి కారింది. కాలు వాచి రోకలిబండలా అయింది. అయినా కనకవ్వ ఆశ వదల్లేదు. ఎండలు ముదిరాక ఒక పొద్దున మగడికి నీళ్ళు పోస్తుంటే, పొత్తికడుపులో, కుట్లకు పైన, గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఇంకా పైకి పోయి ఉంటే అన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. మిగిలిన నీళ్ళు పోసింది.

ఆ సాయంత్రం మరిది సిద్ధయ్య కల్లు తెచ్చాడు.

"సిద్ధయ్యా, నా చెట్లు ఇగ నువ్వే గీస్కో. మోకు గూడ తీస్కపో," అన్నాడు పర్శరాములు.

"గదేందన్నా, కాలు నయమైనంక నువ్వెక్కవా?"

ఎక్కుతడు అనబోయింది కనకవ్వ.

"పొద్దుగాల నీ చేతికి తగిలింది గదా," అన్నాడు పర్శరాములు, ఆమె వైపు తిరిగి. "నాకు నెల కిందనే ఎరుక. నువ్వు పరేషానయితవని చెప్పలే."

కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. లేచి, మగడు నడుముకు కట్టి చెట్టెక్కే మోకును కొయ్య మీంచి తీసి తానే మరిది చేతికిచ్చింది.