ఆమె కొలతకు కట్టిన విల్లు

మా ఇంట్లో విజయదశమి నాడు పెద్దకొడుకు వింటినారి లాగి మోగించేవాడు. బాణం పెట్టకూడదు. ఉత్త నారి. తూర్పుకు తిరిగి లాగి వదిలితే, ఆ మోతకు ఇంట్లో ఆడవాళ్ళు, నౌకర్లు, వాకిట్లో నిలబడ్డ రైతులు చేతులు జోడించేవారట. నేను పుట్టేనాటికి రైతులూ లేరు, నౌకర్లూ లేరు. ఎస్టేటు పోయింది, తరువాత భూములు పోయాయి, చివరికి బంగళాను కల్యాణమండపం నడిపేవాళ్ళు కొన్నారు. విల్లు మాత్రం నా చిన్నతనం దాకా మిగిలింది. దానికి చెద పట్టాక మా నాన్న ఉత్త చేతులతోనే ఆ పని చేసేవారు. నడుము నిటారుగా పెట్టి, లేని విల్లును ఎడమచేత్తో పట్టుకుని, లేని నారిని చెవిదాకా లాగి వదిలేవారు. పిల్లలం నోటితో 'ఠంగ్' అనేవాళ్ళం. ఎవరమూ నవ్వేవాళ్ళం కాదు.

మా ఆవిడ వాటర్‌ఫోర్డ్‌లో నర్సు. తోటి నర్సు ఒకామె తీసుకెళ్ళగా ఊరి బయట విలువిద్య క్లబ్బులో చేరింది. ఐర్లండ్‌లో విల్లుతో జంతువును కొట్టడం చట్టరీత్యా నేరం. అయినా వేటవిళ్ళకు ఇక్కడ గిరాకీ ఉంది. క్లబ్బులవాళ్ళు అడవిలో చెట్ల మధ్య ఫోమ్‌తో చేసిన జింకల్నీ పందుల్నీ నిలబెట్టి, వానలో బురదలో తిరుగుతూ వాటిని కొడతారు. మా ఆవిడకు అది ఎంత నచ్చిందంటే, డ్యూటీ లేని ఆదివారం ఇంట్లో కనపడేది కాదు.

విల్లు నేనే కొనిపెట్టాను, ఆన్‌లైన్‌లో. మా వంశం వాణ్ణి, విల్లు సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. బొమ్మలు చూసి అన్నిటికంటే పెద్దది ఎంచాను. తీరా మా ఇంటి విల్లు కంటే పొట్టిగా, నాచురంగులో, రెండు చివర్లా చక్రాలతో వచ్చింది. మొదటిరోజే నారి తగిలి ఆమె ముంజెయ్యి కందిపోయింది. రెండోవారం అదే చోట నల్లబడింది. అప్పుడు క్లబ్బువాళ్ళు ఆమెను ఒకతని దగ్గరికి పంపారు.

అతనిది ఊరికి దూరంగా పొలాల మధ్య రేకుల షెడ్డు. ఎర్రటి ముఖం, పెద్ద గొంతు, తన గొప్ప తానే చెప్పుకునే రకం. ఈ చుట్టుపక్కల విల్లు సరిచేయడం వచ్చినవాడు తను ఒక్కడేనని మేం కూర్చోకముందే చెప్పాడు. మేం తెచ్చిన విల్లు పెట్టె తెరిచి చూసి, "ఎవరు కొన్నారిది? ఆరడుగుల మగాడికి చేసింది. నీ భార్య మీద ఏమైనా కోపమా?" అన్నాడు. పని మాత్రం చేశాడు. ఆమెను గోడకు ఆనించి చేతులు బార్లా చాపించి కొలిచాడు. చక్రాల మీది చిన్న పలకలు మార్చాడు. కళ్ళు మూసుకుని నారి లాగమన్నాడు. దవడకు చెయ్యి ఆనాక కళ్ళు తెరవమన్నాడు. నారి మధ్యలో చూడటానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. తల కదపకుండా ఆమె కన్ను అందులోంచి చూసేదాకా ఆ రంధ్రాన్ని పైకీ కిందకీ జరుపుతూ పోయాడు. చివరికి ఒక కాగితాన్ని చట్రానికి బిగించి దానిలోంచి బాణం వేయించాడు. బాణం వంకరగా పోయి కాగితం పక్కకు చిరిగితే మళ్ళీ సర్దాడు. గుండ్రటి చిల్లు పడేదాకా వదల్లేదు. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను ఆ ఏడాది అంతకుముందు చూడలేదు.

వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పాడు. "బాణం లేకుండా మాత్రం నారి వదలొద్దు. ఆ బలమంతా బాణం మోసుకుపోవాలి. బాణం లేకపోతే విల్లే మొయ్యాలి, మోయలేక పగులుతుంది. సరదాకి ఎవడి చేతికైనా ఇచ్చి విరగ్గొట్టుకొస్తే నా గుమ్మం తొక్కొద్దు. అలాంటివాళ్ళని ఇదివరకే కొందరిని పంపించేశాను."

నేను అక్కడే ఉన్నాను. గోడకున్న జింక కొమ్ములు చూస్తున్నాను. ఆ మాట ఆమెకు చెప్పింది, నాకు కాదు అనుకున్నాను.

దసరాకు తెలుగువాళ్ళందరం ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. ఆయుధపూజకు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. కూరలు తరిగే కత్తులు, స్టెతస్కోపులు, లాప్‌టాప్‌లు. మా ఆవిడ విల్లు తెచ్చి అమ్మవారి ముందు పెట్టింది. గుంటూరు వైపు పెద్దాయన ఒకరున్నారు, పిల్లలందరికీ అంకుల్. ఆయన పులిహోర తింటూ నన్ను పిలిచారు.

"ఏవండోయ్ రాజావారూ, మీ ఇళ్ళల్లో నారి మోగించే ఆచారం ఉందంటగా? ఎప్పుడూ చెప్పడమేనా, చూపించేదేమన్నా ఉందా?"

"ఆ విల్లు పోయిందండీ."

"అదుగో, మీ ఆవిడ విల్లుందిగా! పైగా దానికి చక్రాలున్నాయి, మీకు ఓపిక అక్కర్లేదు."

చుట్టూ నవ్వారు. నేను లేచి, విల్లు తీసుకుని, తూర్పు ఎటో అడిగి తిరిగాను. మా ఆవిడ వంటగదిలో ప్లేట్లు సర్దుతోంది. మా అమ్మాయి మాత్రం చూసింది. దానికి పద్నాలుగేళ్ళు, అప్పుడప్పుడు తల్లి వెంట క్లబ్బుకు వెళ్ళొస్తుంది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, అదీ ఇక్కడి యాసలో. "డాడ్, డోంట్ లెట్ గో! సీరియస్‌లీ, డోంట్!" అని అరిచింది. నలుగురిలో తండ్రి మీద అరుస్తుందా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే వదిలాను.

అది మోగలేదు. పలక విరిగినట్టు చప్పుడైంది. నారి చక్రం మీంచి జారి వేలాడింది. చెయ్యి మోచేతిదాకా మొద్దుబారింది. ఎవరో తెలియక చప్పట్లు కొట్టారు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి, ముందు నా కళ్ళు చూసింది, తరువాత వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది, ఆ తరువాతే విల్లు వైపు తిరిగింది. అంతా బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతో, "ఏం కాలేదు, గ్రాండ్. చిన్న రిపేరు," అని అందరికీ చెప్పింది. నా నడుము అప్పటికీ నిటారుగానే ఉంది. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

షెడ్డుకు ఇద్దరం వెళ్ళాం. అతను కొంచెం దూది తీసి విల్లు కొమ్ముల మీద, అంటే పిడికి పైనా కిందా వంగే బద్దల మీద, నెమ్మదిగా రాస్తూ పోయాడు. పై కొమ్ము మీద ఒకచోట దూది పోగు చిక్కుకుంది. కంటికి ఏమీ కనబడని చోట పగులు.

"బాణం లేకుండా వదిలారు. ఎవరు?"

నేను నోరు తెరవాల్సిన క్షణం అది. నేను మళ్ళీ గోడకున్న జింక కొమ్ముల వైపు చూశాను. అతను మమ్మల్ని గుమ్మం తొక్కొద్దంటాడు, ఆమెకు ఇంకో మనిషి కావాలంటే డబ్లిన్ దాకా పోవాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి, ఆ ఎర్రముఖం మనిషి చేత మాట పడటం నాకు చేతకాలేదు.

"నేనే," అంది మా ఆవిడ. "లాగి పట్టుకుని ఉండగా భుజం పట్టు తప్పింది."

అతను ఆమెను బయటికి పొమ్మనలేదు. మెత్తబడ్డాడు. కొత్త కొమ్ములు తెప్పించి బిగించాడు. కానీ ఆమె చెప్పిన మాటను నమ్మి బిగించాడు. "పట్టు తప్పిన భుజానికి నలభై పౌన్ల లాగుడు బరువు ఎక్కువ. ఈ చలికాలమంతా ముప్ఫైతో లాగు. పోటీలు వద్దు," అన్నాడు. ఆమె తల ఊపింది. ఏ లోపమూ లేని మనిషికి లోపం ఉందని తేల్చి, విల్లు బలం తగ్గించి పంపించాడు. అందులో అతని తప్పేమీ లేదు. అతని చేతికి అబద్ధం కొలత ఇచ్చింది మేము.

తరువాతి ఆదివారాలు నేను అడవిలోకి వెంట వెళ్ళాను. ఇదివరకు ఫోమ్ జింక గుండె మీద పడే బాణాలు ఇప్పుడు దాని కాళ్ళ మధ్య నుంచి పోయి ఆకుల్లో దిగబడేవి. క్లబ్బు పెద్దావిడ ఆమెను కొత్తవాళ్ళతో పాటు గురికి దగ్గరగా పాతిన గుంజ దగ్గర నిలబెట్టింది. అక్కడ చిన్నపిల్లలు, నిన్నగాక మొన్న చేరినవాళ్ళు. మా ఆవిడ నవ్వుతూ వాళ్ళకు చేతికి పట్టీ కట్టుకోవడం నేర్పుతూ ఉండేది. తన వంతు వచ్చినప్పుడు నవ్వేది కాదు. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం, "ఇవాళ చలిగా ఉంది, వెళ్ళను," అంది. ఆ రోజు ఎండ కాస్తోంది.

మర్నాడు నేను బస్సెక్కి ఒంటరిగా షెడ్డుకు వెళ్ళాను. అతను నారికి మైనం రాస్తున్నాడు.

"ఆ విల్లు వదిలింది నేను. ఆమె కాదు," అన్నాను.

అతను పని ఆపాడు. "నువ్వా? మరి ఆమె భుజం?"

"దానికేం కాలేదు."

"బాగుంది. కాలు విరిగింది నీది, కట్టు కట్టించింది ఆమెకి. ఇన్ని వారాలు ఆ మనిషి నా మాట మీద బలం తగ్గించిన విల్లుతో తిరుగుతోందన్నమాట. అసలెందుకు వదిలావు?"

చెప్పాను. విజయదశమి, పెద్దకొడుకు, తూర్పు దిక్కు, అన్నీ. ఆ రేకుల కింద ఆ మాటలు చిన్నవిగా వినిపించాయి.

"మోగిందా?" అన్నాడు.

"లేదు."

అతను పగలబడి నవ్వాడు. నేను నిలబడి విన్నాను. నవ్వు అయ్యాక, "శనివారం ఆమెను తీసుకురా. నీకోసం కాదు," అన్నాడు.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పగానే చేతిలో గరిటె పొయ్యి పక్కన పెట్టేసింది.

"ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"నీ విల్లు సరిగ్గా ఉండాలని..."

"చెప్పాల్సింది ఆ రోజు. ఆ రోజు గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు వెళ్ళి నాకు చెప్పకుండా చెప్పొచ్చారు. అతను నన్నేమనుకుంటాడు? ఈ మనిషి ముఖం మీద అబద్ధం చెప్పింది అనుకోడూ? మీ పరువు మీకు దక్కింది లెండి. నా పరువో?"

తప్పు ఒప్పుకుంటే బరువు తగ్గుతుందని విన్నాను. నాది తగ్గలేదు, ఆమె మీదికి మారింది.

శనివారం ఆమె వచ్చింది. షెడ్డులోకి వెళ్ళి నేరుగా అతనితోనే, "నేను మీకు అబద్ధం చెప్పాను," అంది. నేను తీసుకున్నన్ని వారాలు ఆమెకు పట్టలేదు. అతను భుజాలు ఎగరేశాడు. "నాకు చెప్పేవాళ్ళందరూ అబద్ధాలే చెబుతారు. పొడుగ్గా ఉన్నామని, బలంగా ఉన్నామని. నువ్వొక్కదానివే బలం లేదని చెప్పావు. రా, మొదటినుంచీ చూద్దాం."

మళ్ళీ గోడ, మళ్ళీ బార చాపడం. విల్లును నలభైకి బిగించి లాగమన్నాడు. ఆమె లాగింది. అతను ఆమె వెనక నిలబడి చూసి, "ఇప్పుడు అడుగుతున్నాను. ఎక్కడైనా నొప్పి ఉందా? నీ మొగుడికి చెప్పక్కర్లేదు, నాకు చెప్పు," అన్నాడు.

ఆమె నారిని మెల్లగా వెనక్కి వదిలి, విల్లు దించింది.

"ఉంది. కొంచెం. కుడి రెక్క వెనక."

"ఎప్పటినుంచి?"

"ఎండాకాలం నుంచి. అదనంగా డ్యూటీలు చేస్తున్నాను. పేషెంట్లని ఎత్తి పక్కకు తిప్పాలిగా."

ఆమె అతని వైపే చూస్తూ చెప్పింది. ఆ డ్యూటీలు ఎందుకో నాకు తెలుసు. మే నెలలో నేను గిడ్డంగి ఉద్యోగం మానేశాను. నా వయసులో సగం లేని సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను 'లాడ్', అంటే కుర్రాడా, అని పిలిచాడని మానేశాను. మర్యాద తెలిసిన చోట పని దొరుకుతుందిలే అన్నాను. ఆమె సరే అంది. ఆ సరే ఆమె రెక్క వెనక చేరిందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆమె చెప్పిన అబద్ధం సగం నిజమే.

అతను రెంచీతో మరలు తిప్పాడు. నలభైకీ ముప్ఫైకీ మధ్య ఎక్కడో ఆపి, లాగించి, ఇంకొంచెం వదులు చేసి, మళ్ళీ లాగించాడు. "ఇది ఈవేళ్టి నీ కొలత. భుజం తగ్గాక మళ్ళీ రా," అని కాగితం బిగించడానికి వెళ్ళాడు.

నేను బయటికి వచ్చి గిడ్డంగికి ఫోన్ చేశాను. ఆ కుర్రాడే ఎత్తాడు. పేరు చెప్పాను. పని ఉందా అని అడిగాను. ఆ మాట అడగడానికి గోడకు ఆనుకోవాల్సి వచ్చింది. అతను ఏమీ దెప్పలేదు, ఏమీ అడగలేదు. "గ్రాండ్, లాడ్. సోమవారం పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు.

వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది, విల్లు ఎడమచేత్తో పట్టుకుని.

"అక్కడికా? ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు?"

"ఇదే ముఖం."

ఆమె నవ్వలేదు. విల్లు నా చేతికిచ్చి, "అదనపు డ్యూటీలకి జనవరి దాకా పేరిచ్చేశాను. అవి చెయ్యక తప్పదు," అని కారు వైపు నడిచింది.